స్పిన్నింగ్ మిల్లుకు 33 కేవీ వస్తోంది: మధ్యలో 11 కేవీ ఉంచాలా, తీసెయ్యాలా?

పత్తిబేలు · గుంటూరు
అందరికీ నమస్కారం. మాది చిలకలూరిపేట రోడ్డులో స్పిన్నింగ్ మిల్లు, ఎలక్ట్రికల్ నేనే చూస్తాను. ఇప్పుడు 11 కేవీ సప్లై, సీఎండీ (కరెంటు కంపెనీతో ఒప్పుకున్న గరిష్ఠ డిమాండు) 1400 కేవీఏ. పాత షెడ్డు పక్కన 1000 కేవీఏ ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్లు రెండున్నాయి. వెనక స్థలంలో కొత్త షెడ్డు లేస్తోంది: రింగ్ ఫ్రేములు, ఆటోకోనర్లు, హ్యుమిడిఫికేషన్ ప్లాంటు, రెండు స్క్రూ కంప్రెసర్లు. సీఎండీ 3000 అడుగుదామని మా ఎండీ గారు అంటున్నారు. అంటే 33 కేవీకి మారాలి.

నా ముందు రెండు స్కీములున్నాయి. ఒకటి, 33 కేవీ యార్డులో 5 ఎంవీఏ (5000 కేవీఏ) పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 11కి దించుకోవడం. పాత రెండూ అలాగే ఉంటాయి, కొత్త షెడ్డు దగ్గర 1600 కేవీఏవి రెండు వస్తాయి. రెండోది, 11 అనేదే లేకుండా 33 నుంచి నేరుగా 433 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మర్లు నాలుగు పెట్టి పాతవి అమ్మేయడం. యార్డు నుంచి కొత్త షెడ్డుకు సుమారు 220 మీటర్లు. కొటేషన్లు పక్కపక్కన పెడితే పెద్ద తేడా కనపడట్లేదు. ఎటు పోవాలి?

పాత_ఏడీఈ · విజయవాడ
స్కీము సంగతి తర్వాత, ముందు ఆ 3000 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పు నాయనా. మెషీన్ల నేమ్‌ప్లేట్లన్నీ కూడేసి పైకి సరిచేసిన అంకె అయితే దాన్ని పక్కన పెట్టు. మీ హెచ్‌టీ మీటర్లో లోడ్ సర్వే (ఏ వేళ ఎంత లాగారో ఆ రికార్డు) ఉంటుంది. ఆ డేటా తీయించి, పాత షెడ్డు కనెక్టెడ్ లోడు ఎంత, దాని మీద రికార్డయిన గరిష్ఠ డిమాండు ఎంత అని చూడు. ఆ నిష్పత్తే కొత్త షెడ్డుకూ వెయ్యి.

ఎందుకింతగా అడుగుతున్నానంటే, బిల్లు రికార్డయిన డిమాండుకి గానీ సీఎండీలో 80 శాతానికి గానీ, ఏది ఎక్కువైతే దానికి వేస్తారు. 3000 రాయించుకుంటే కొత్త షెడ్డులో ఒక్క ఫ్రేమూ తిరగకపోయినా 2400కి కట్టాల్సిందే. 2022–23 టారిఫ్‌లోని కేవీఏకి 475 రూపాయల లెక్కన నెలకు 11 లక్షల 40 వేలు. మెషీన్లు విడతలుగా దిగుతుంటే సీఎండీ కూడా విడతలుగా పెంచుకోవచ్చు.

ఇక వోల్టేజి. మామూలు ఫీడర్ మీద 1500 కేవీఏ దాకా 11 కేవీ, 5000 దాకా 33, ఆ పైన 132. సబ్‌స్టేషన్ నుంచి సొంత ఫీడర్ వేయించుకుంటే 11 కేవీ మీదే 2500 దాకా, 33 మీద 10,000 దాకా ఇస్తారు. నీ అసలు డిమాండు 2400 దగ్గర తేలిందనుకో, 11 కేవీ సొంత ఫీడర్ అనే మూడో దారి కూడా ఉంది.

పత్తిబేలు · గుంటూరు
సార్, డేటా తీయించాను. పాత షెడ్డు కనెక్టెడ్ లోడు 1850 కిలోవాట్లు, గరిష్ఠ డిమాండు 1290 కేవీఏ. అంటే 0.7. కొత్త షెడ్డు 2300 కిలోవాట్లు, అదే నిష్పత్తి వేస్తే 1610. మొత్తం 2900 దగ్గరకొస్తోంది. 11 కేవీ సొంత ఫీడర్‌కి కూడా అందదు. మొదటి విడతలో 2000కే వెళ్దామని ఎండీ గారిని ఒప్పించాను.

పాత_ఏడీఈ · విజయవాడ
భేష్. 33కి వెళ్ళడం వల్ల నష్టమేం లేదులే. ఇండస్ట్రీ జనరల్‌కి 2022–23 టారిఫ్‌లో మామూలు వేళల రేటు 11 కేవీకి యూనిట్ 6.30, 33 కేవీకి 5.85. అదే 45 పైసల తేడా అనుకుంటే, రెండు షెడ్లూ తిరిగి నెలకు 15 లక్షల యూనిట్లు కాలితే 6 లక్షల 75 వేలు మిగులుతుంది. ఇప్పటి రేట్లు మీ బిల్లు మీద చూసి లెక్క సరిచేసుకో.

సింగిల్‌లైన్ · గుంటూరు
నేను కన్సల్టెంట్‌ని. నా ఓటు నేరుగా 33 నుంచి 433కే. రెండు మెట్లు దిగితే రెండుసార్లు లాసు. ఆ 5 ఎంవీఏ దగ్గర అర నుంచి ముప్పావు శాతం పోతుందనుకోండి, 15 లక్షల యూనిట్ల మీద నెలకు నలభై నుంచి అరవై ఐదు వేల రూపాయలు. ఏడాది మొత్తం, పండగరోజు కూడా. పైగా ఆ 5 ఎంవీఏ ఒక్కటే. అది పోయిందా, మిల్లు మొత్తం చీకటి. నేరుగా దించితే నాలుగింట్లో ఒకటి పోయినా మూడు నడుస్తాయి. 2500 కేవీఏ దాకా 33 కేవీ ట్రాన్స్‌ఫార్మర్లు ట్రాన్స్‌ఫార్మర్ల ప్రమాణం ఐఎస్ 1180లోనే ఉన్నాయి, ప్రత్యేకంగా చేయించుకునే సరుకేం కాదు.

ఆటోనగర్_ప్యానెల్ · విజయవాడ
అన్నా, కాగితం మీద బాగానే ఉంటుంది. ప్యానెల్ రూములో నిలబడి చూడండి. నేరుగా దించితే 33 కేవీ ఇన్‌కమర్ ఒకటి, ఔట్‌గోయింగ్‌లు నాలుగు, అన్నీ 36 కేవీ క్లాసువే. 11 కేవీ ప్యానెల్‌కి ఇంపల్స్ (పిడుగులాంటి క్షణికమైన వోల్టేజి) 75 కేవీ తట్టుకుంటే చాలు, దీనికి 170. అందుకే బస్సు (కరెంటు మోసే కడ్డీలు) నుంచి బాడీకి దూరం పెరుగుతుంది, డబ్బా పెరుగుతుంది, రూము పెరుగుతుంది. కేబుల్ ఎండ్ టర్మినేషన్లు చెయ్యడానికి మనిషి దొరకాలి. 11 కేవీ జాయింటు కట్టేవాళ్ళు గుంటూరులో వీధికొకడున్నాడు. 33 కేవీకి ఇన్సులేషన్ మీదుండే సెమీకాన్ పొరని గీత పడకుండా ఒలిచేవాణ్ణి వెతుక్కోవాలి. ఆ ఒలవడంలో బ్లేడు ఇన్సులేషన్ మీద ఇంత గాటు పెట్టిందా, ఆర్నెల్లకో ఏడాదికో అక్కడే పేలుతుంది.

కొత్త_డిప్లొమా · తెనాలి
సిల్లీ డౌట్ అనుకోకండి. సిమెంటు ఫ్యాక్టరీల్లో 6.6 కేవీ ఉంటుందని చదివాను. ఇక్కడ అది ఎందుకు పెట్టరు?

పాత_ఏడీఈ · విజయవాడ
సిల్లీ ఏం కాదు. జగ్గయ్యపేట, దాచేపల్లి వైపు సిమెంటు ప్లాంటుల్లో ఒక్కో మిల్లు మోటారే వేల కిలోవాట్లు ఉంటుంది. అంత మోటారుని 415 వోల్టుల మీద తిప్పాలంటే కేబుళ్ళు మోయలేరు, అందుకే 6.6 గానీ 11 గానీ నేరుగా మోటారుకే ఇస్తారు. స్పిన్నింగ్ మిల్లులో పెద్ద మోటారంటే కంప్రెసరే, అది 415 మీద హాయిగా తిరుగుతుంది. కాబట్టి 6.6తో పని లేదు.

రిలేవాణి · విజయవాడ
టెస్టింగ్, కమిషనింగ్ నా పని. లాసు మీద సింగిల్‌లైన్ గారి లెక్క సరైనదే, కానీ లెక్క అక్కడితో అయిపోలేదు. 433 వోల్టుల బస్సు మీద ఫాల్ట్ (షార్ట్ సర్క్యూట్) వస్తే ఎంత కరెంటు పారుతుందో రెండు స్కీములకీ వేసి చూద్దాం.

1600 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్ లోడ్ కరెంటు 433 వోల్టుల దగ్గర 2133 ఆంపియర్లు. ఇంపీడెన్స్ (ఫాల్ట్ కరెంటుని అడ్డుకునే గుణం) 6.25 శాతం. 33 కేవీ సోర్స్‌ని అనంతం అనుకుంటే నేరుగా దించినప్పుడు 2133ని 0.0625తో భాగించాలి, 34 కిలోఆంపియర్లు. రెండింటినీ ఎల్‌టీ (433 వోల్టుల) వైపు పారలల్ చేస్తే 68. అప్పుడు 50 కేఏ (కిలోఆంపియర్ల) ఏసీబీ (ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్) పనికిరాదు.

ఇప్పుడు మధ్యలో 5 ఎంవీఏ పెట్టండి, దాని ఇంపీడెన్స్ 7.15 శాతం. 1600ని 5 ఎంవీఏ బేస్‌కి మారిస్తే 19.5 శాతం. రెండూ కలిపి 26.7. ఎల్‌టీ ఫాల్ట్ 25 కేఏకి దిగుతుంది. పొరపాటున కప్లర్ (రెండు బస్సుల్ని కలిపే బ్రేకర్) వేసి పారలల్ చేసినా 40 లోపే. మోటార్లు తిరిగి ఇచ్చే కరెంటు కొంత కలుస్తుంది, అయినా మీ మిల్లు లోపలున్న ఎంసీసీబీలన్నిటికీ (ఏసీబీ కన్నా చిన్న బ్రేకర్లు) ఇది ఊపిరి. పాత షెడ్డులో 25 కేఏ, 36 కేఏ ఎంసీసీబీలే ఉండి ఉంటాయి కదా?

పత్తిబేలు · గుంటూరు
అవును మేడమ్. ఫీడర్ ఎంసీసీబీలు ఎక్కువ 36 కేఏవే, చివర్న ఉన్నవి 25. ఈ కోణంలో ఎవరూ చెప్పలేదు. ఇద్దరు కన్సల్టెంట్లూ ఎస్‌ఎల్‌డీ (సింగిల్ లైన్ డయాగ్రమ్) మీద అన్నిచోట్లా 50 కేఏ అని రాసి ఇచ్చారు.

సింగిల్‌లైన్ · గుంటూరు
మేడమ్, ఒప్పుకుంటాను. కానీ ఎల్‌టీ ఫాల్ట్ తగ్గించాలంటే 5 ఎంవీఏ కొనక్కర్లేదు. 1600 బదులు 1000వి పెట్టుకుంటే 5 శాతం ఇంపీడెన్స్ మీద ఫాల్ట్ 26.7 కేఏనే వస్తుంది.

రిలేవాణి · విజయవాడ
పెట్టుకోవచ్చు. అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్లూ పెరుగుతాయి, 33 కేవీ ప్యానెళ్ళూ పెరుగుతాయి. ఆటోనగర్ అన్న చెప్పిన రూము ఇంకాస్త పెద్దదవుతుంది.

ఓఎల్‌టీసీ (లోడు మీదుండగానే ట్యాపులు మార్చి వోల్టేజి సరిచేసేది) సంగతి ఎవరూ ఎత్తలేదేం? హెచ్‌టీలో వోల్టేజి 6 శాతం పైకి, 9 శాతం కిందికి ఊగడం అనుమతించినదే. పీక్ అవర్స్‌లో 33 కేవీ 30కి దిగొస్తుంది, అర్ధరాత్రి 34 దాటుతుంది. 5 ఎంవీఏ మీద ఓఎల్‌టీసీ ఒక్కటి పెడితే మిల్లు మొత్తానికి 11 కేవీ నిలకడగా ఉంటుంది. నేరుగా దించితే నాలుగింటికీ ఓఎల్‌టీసీ పెట్టించాలి, లేదా ఆఫ్ చేసి ట్యాపులు మార్చుకోవాలి. స్పిన్నింగ్‌లో వోల్టేజి పడితే ముందు ఏడ్చేవి ఆటోకోనర్ల ఎలక్ట్రానిక్ కార్డులు. వాటి రేటు మీకే తెలుసు.

మిర్చిగోదాం · గుంటూరు
మాది కోల్డ్ స్టోరేజీ అండి, మీ అంత పెద్ద లోడు కాదు, 11 కేవీయే. చదువుతుంటే ఒకటి గుర్తొచ్చింది. మా రోడ్డులోనే ఒక యూనిట్లో, బ్రేకర్లని ట్రిప్ చేసే డీసీ బ్యాటరీకి ఛార్జర్ ఫ్యూజు పోయింది. ఎవరూ చూడలేదు. బ్యాటరీ మెల్లగా దిగిపోయింది. తర్వాత ఎల్‌టీ ప్యానెల్లో ఫాల్ట్ వస్తే రిలే (ఫాల్ట్‌ని గుర్తించి బ్రేకర్‌కి చెప్పేది) పట్టింది, రిలే మీద ఎర్ర లైటు కూడా వెలిగిందట, కానీ బ్రేకర్ తెరుచుకోడానికి డీసీ లేదు. చివరికి సబ్‌స్టేషన్లో ఫీడర్ ట్రిప్ అయ్యేలోపు ట్రాన్స్‌ఫార్మర్ పొట్ట ఉబ్బిపోయింది. లోపల అమ్మోనియా చల్లదనం పోయి, బస్తాలు ఇంకో గోదాముకి మోయించుకున్నారు సీజన్లో.

రిలేవాణి · విజయవాడ
ఇది ఎన్నిచోట్ల చూశానో. రిలే కొత్తదే, సెట్టింగులు అద్భుతం, డీసీ సున్నా. పత్తిబేలు గారూ, బ్యాటరీ, ఛార్జర్ బీఓక్యూలో (సామాను జాబితాలో) చివరి పేజీ సరుకు కాదు. డీసీ వోల్టేజి తగ్గితే హూటర్ మోగాలి, ట్రిప్ సర్క్యూట్ సూపర్‌విజన్ రిలే (ట్రిప్ వైరింగు బాగుందా అని చూసేది) ప్రతి బ్రేకర్‌కీ ఉండాలి. ఆ అలారం ఎలక్ట్రికల్ రూములో మోగితే లాభం లేదు, అక్కడ రాత్రిపూట ఎవరుంటారు? షిఫ్టు సూపర్‌వైజర్ కూర్చునే చోట మోగాలి.

నల్లరేగడి · నరసరావుపేట
ఎర్తింగ్ గురించి ఒక్క ముక్కా రాలేదు, సివిల్ గురించి అసలే రాలేదు. గుంటూరు, పల్నాడు నేలలో ముందు మాట్లాడాల్సింది అదే.

నల్లరేగడి తడిగా ఉంటే ఎర్తింగ్‌కి బంగారం. రెసిస్టివిటీ 10 ఓం-మీటర్ల లోపు కూడా వస్తుంది. వర్షాల తర్వాత కొలిచి, రిపోర్టులో అర ఓం అని రాసుకుని అందరూ సంతోషంగా ఇంటికెళ్తారు. మే నెలలో వచ్చి అదే పిట్టు దగ్గర నిలబడండి. నేల నెర్రెలిచ్చి పైపుకీ మట్టికీ మధ్య చెయ్యి దూరేంత సందు ఉంటుంది. రెంటచింతల ఎండలు తెలిసినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. రీడింగు మే నెలలోనే తియ్యాలి. ఎలక్ట్రోడ్ పైనుంచి మూడడుగుల దాకా నెర్రెలకే పోతుందనుకుని లోతు పెంచుకోవాలి.

ఎర్తింగ్ పట్టీ సైజు: ఎర్తింగ్ ప్రమాణం ఐఎస్ 3043 ప్రకారం జీఐకి (జింకు పూత ఇనుముకి) ఒక సెకనుకి స్క్వేర్ ఎంఎంకి 80 ఆంపియర్లు. ప్యానెల్ మీద రాసిన 25 కేఏ తీసుకుంటే 312 స్క్వేర్ ఎంఎం కావాలి. అందరూ కళ్ళు మూసుకుని వేసే 50×6 పట్టీ 300. కొంచెంలో తప్పిపోతుంది. మన నేలలో జీఐ తుప్పు పట్టి పలచబడడం కూడా కలుపుకుంటే 65×8 కన్నా తక్కువ నేను వెయ్యను.

ఇంకొకటి. నల్లరేగడి వర్షానికి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది. 5 ఎంవీఏ ప్లింతుని మామూలు పునాది మీద కడితే రెండు వానాకాలాలకి ఒక పక్కకి ఒరుగుతుంది. బస్‌డక్ట్ ఫ్లాంజి దగ్గర బలం పడి బుషింగు గాస్కెట్లోంచి ఆయిల్ కారడం మొదలవుతుంది. అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బుగా ఉండే లోతైన పునాది స్తంభాలు) వేయించండి. కేబుళ్ళని నేరుగా రేగడిలో పూడ్చొద్దు. ఎండిన రేగడి వేడిని బయటకి పోనివ్వదు, నెర్రె పక్కన కేబులు చుట్టూ గాలే ఉంటుంది. ఇసుక పోసి పరవండి, లేదా ట్రెంచిలో ట్రే మీద తీసుకెళ్ళండి.

కొత్త_డిప్లొమా · తెనాలి
నల్లరేగడి గారూ, ఇవన్నీ కాలేజీలో ఒక్క క్లాసులోనూ చెప్పలేదండి.

ఆటోనగర్_ప్యానెల్ · విజయవాడ
ప్లింతు ఎత్తు కూడా చూసుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఇళ్ళలో నీళ్ళు ఎంత ఎత్తు నిలిచాయో చూసినవాణ్ణి. తర్వాత రిపేరుకొచ్చిన ప్యానెళ్ళలో కింది కేబుల్ ఛాంబర్ నిండా ఎండిన బురదే. కడిగి, ఆరబెట్టి, మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్ష) కొడితే కొన్ని లేచాయి, కొన్ని తుక్కుకెళ్ళాయి. మీ మిల్లు మిట్ట మీదే అంటారా, సరే. కేబుల్ ట్రెంచిలోకి వాననీళ్ళు రావడానికి ఏరు పొంగక్కర్లేదు కదా.

పత్తిబేలు · గుంటూరు
అందరికీ థ్యాంక్స్. కేబుల్ సైజు మీద అడగాలి. 11 కేవీ వైపు ఒక్కో 1600 ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటు 84 ఆంపియర్లే. కానీ డ్రాయింగులో 3 కోర్ 300 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం ఎక్స్‌ఎల్‌పీఈ (ఒక రకం ప్లాస్టిక్ ఇన్సులేషన్) కేబులు చూపించారు. ఎందుకండీ అంటే ఫాల్ట్ కోసం అన్నారు. నిజంగా అంత కావాలా?

రిలేవాణి · విజయవాడ
ప్యానెల్ 25 కేఏ, అల్యూమినియం ఎక్స్‌ఎల్‌పీఈకి ఒక సెకనుకి స్క్వేర్ ఎంఎంకి 94 ఆంపియర్లు. 25,000ని 94తో భాగిస్తే 266, దాని పై సైజు 300. అక్కడి నుంచి వచ్చింది ఆ అంకె.

కానీ ప్యానెల్ 25 కేఏ తట్టుకోగలదు అంటే మీ దగ్గర 25 కేఏ పారుతుందని కాదు. 5 ఎంవీఏ వెనక 11 కేవీ బస్సు మీద ఫాల్ట్ ఎంత? 11 కేవీ ఫుల్ లోడ్ 262 ఆంపియర్లు, 0.0715తో భాగిస్తే 3.67 కేఏ. అంతే. సోర్స్ ఎంత బలంగా ఉన్నా ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఇంతకు మించి పోనివ్వదు. ఒక సెకనుకి 39 స్క్వేర్ ఎంఎం చాలు. కాబట్టి 1600లకి 95 స్క్వేర్ ఎంఎం హాయిగా సరిపోతుంది. 5 ఎంవీఏ నుంచి 11 కేవీ ప్యానెల్‌కి మాత్రం 262 ఆంపియర్ల కోసం డీరేటింగ్ (పరిచే తీరుని బట్టి తగ్గే సామర్థ్యం) చూసి 240 గానీ 300 గానీ వేసుకోండి. భవిష్యత్తులో రెండో 5 ఎంవీఏ వచ్చి పారలల్ అయినా ఫాల్ట్ 7.3 కేఏ. సెకను లోపలే ట్రిప్ చేయిస్తారు కాబట్టి 95 అప్పుడూ నిలుస్తుంది.

కేబులు ఆర్డరు ఇచ్చేటప్పుడు ఎర్త్‌డ్ గ్రేడా, అన్‌ఎర్త్‌డ్ గ్రేడా చూసి రాయండి. 11 కేవీ న్యూట్రల్ సాలిడ్‌గా ఎర్త్ చేస్తే 6.35/11 చాలు. రెసిస్టర్ పెడితే 11/11 తీసుకోవడం మేలు.

సింగిల్‌లైన్ · గుంటూరు
220 మీటర్లకి 300 నుంచి 95కి దిగితే మిగిలేది తక్కువేం కాదు. ఈ పాయింటు మేడమ్‌కే. నేరుగా 33 తీసుకెళ్తే ఈ సౌకర్యం ఉండదు. అక్కడ ఫాల్ట్‌ని ఆపేది మధ్యలో ఏమీ లేదు.

అయినా నా మొదటి మాట అలాగే ఉంది. ఒక్క 5 ఎంవీఏ మీద మిల్లంతా వేలాడుతుంది. దానికి జవాబు చెప్పండి.

పాత_ఏడీఈ · విజయవాడ
దానికి నేను చెప్తా. 5 ఎంవీఏ 33/11 అంటే డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ) పల్లె సబ్‌స్టేషన్లలో ఉండే సైజే. తయారుచేసేవాళ్ళూ, రిపేరు షెడ్లూ, అవసరమైతే అద్దెకిచ్చేవాళ్ళూ దొరుకుతారు. 33 నుంచి 433 అనేది మిల్లుల దగ్గర తప్ప కనపడదు, పోతే కొత్తది చేయించుకునేదాకా ఆగాలి. అయినా నీ మాటలో నిజం ఉంది. డబ్బు కుదిరితే 5 ఒక్కటి కాకుండా 3.15 ఎంవీఏవి రెండు పెట్టమంటాను. 2900 డిమాండుకి ఒక్కటే లాగుతుంది, రెండోది ఛార్జ్ అయి సిద్ధంగా నిలబడి ఉంటుంది. మొదటి విడతలో ఒకటి, రెండో విడతలో ఇంకోటి. యార్డులో రెండో దాని ప్లింతు, బే స్థలం మాత్రం ఇప్పుడే వదలాలి. తర్వాత పక్కన వేబ్రిడ్జి కట్టేస్తారు, అప్పుడు చోటుండదు.

పత్తిబేలు · గుంటూరు
వేబ్రిడ్జి సంగతి మీకెలా తెలిసింది సార్! సరిగ్గా అక్కడే మార్కింగ్ చేసి ఉంది. రేపే చెరిపిస్తా.

రిలేవాణి · విజయవాడ
3.15 అయితే ఇంపీడెన్స్ 6.25, 11 కేవీ ఫాల్ట్ ఒక్కోదానికి 2.65 కేఏ, రెండూ కలిస్తే 5.3. పైన చెప్పిన 95 కేబులు అలాగే నిలుస్తుంది.

ఇక మెట్లు పెరిగినకొద్దీ రిలే టైము ఇరుకవుతుంది. ఇది 33/11 స్కీములో నిజమైన ఇబ్బంది, దాచను. పై నుంచి డిస్కం ఫీడర్ రిలే ఇంత టైములో ట్రిప్ అవుతుందని ఉంటుంది, మీవన్నీ దాని కిందే ఇమడాలి. న్యూమరికల్ రిలేలకి మెట్టుకి 0.3 సెకను వేసుకోండి. ఏసీబీ, 11 కేవీ ఔట్‌గోయింగ్, 11 కేవీ ఇన్‌కమర్, ట్రాన్స్‌ఫార్మర్ 33 కేవీ బ్రేకర్, యార్డు ఇన్‌కమర్. ఇన్నిటికీ మెట్టు వేస్తే పైన జాగా మిగలదు.

ట్రాన్స్‌ఫార్మర్ 33 వైపు బ్రేకరూ 11 వైపు ఇన్‌కమరూ ఒకదానికొకటి ఆగక్కర్లేదు. ఏది ట్రిప్ అయినా పోయేది అదే ట్రాన్స్‌ఫార్మరే. ఆ రెండింటికీ ఒకే టైము ఇచ్చేయండి, ఒక మెట్టు మిగులుతుంది. ఎర్త్ ఫాల్ట్‌లో ఇంకా సుఖం. ట్రాన్స్‌ఫార్మర్ డీవైఎన్11, అంటే 33 వైపు డెల్టా, 11 వైపు స్టార్. కింద 11లో ఎర్త్ ఫాల్ట్ వస్తే 33 వైపు ఎర్త్ ఫాల్ట్ రిలేకి అది కనపడనే కనపడదు. కాబట్టి దానికి టైము ఆలస్యం పెట్టి డిస్కంతో పేచీ పడాల్సిన పని లేదు, వెంటనే ట్రిప్ చేయించండి. 11 వైండింగుకి ఆర్‌ఈఎఫ్ (ఆ వైండింగు ఎర్త్ ఫాల్ట్‌ని మాత్రమే చూసే రక్షణ) పెట్టండి, న్యూట్రల్ సీటీ (కరెంటు కొలిచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) మీద స్టాండ్‌బై ఎర్త్ ఫాల్ట్ పెట్టండి. బుఖోల్జ్ (ఆయిల్లో గ్యాసు పుడితే పట్టే రిలే) 1000 కేవీఏ నుంచే తప్పనిసరి. డిఫరెన్షియల్ (రెండు వైపుల కరెంట్లూ పోల్చి చూసే రక్షణ) రూలు ప్రకారం 10 ఎంవీఏ నుంచి, మీకు అవసరం లేదు.

మిర్చిగోదాం · గుంటూరు
మా మేనల్లుడి మిల్లులో సోలార్ పెట్టాక పవర్ ఫ్యాక్టర్ పడిపోయిందని తల పట్టుకున్నాడు. ప్యానెళ్ళ తప్పా?

సింగిల్‌లైన్ · గుంటూరు
ప్యానెళ్ళ తప్పేం లేదు. లెక్క చూడండి. మిల్లు 1900 కిలోవాట్లు, 0.95 పవర్ ఫ్యాక్టర్ అనుకుంటే రియాక్టివ్ 624. మధ్యాహ్నం సోలార్ 900 కిలోవాట్లు ఇస్తే గ్రిడ్ నుంచి వచ్చేది 1000. రియాక్టివ్ మాత్రం పూర్తిగా గ్రిడ్ నుంచే, అదే 624. గ్రిడ్ మీటరుకి కనిపించే పవర్ ఫ్యాక్టర్ 0.85. మనకి బిల్లు కేవీఏహెచ్ (రియాక్టివ్ కూడా కలిసిన యూనిట్లు) మీద, కాబట్టి నేరుగా జేబుకే తగులుతుంది. ఇన్వర్టర్ని రియాక్టివ్ కూడా ఇచ్చేలా సెట్ చెయ్యాలి, లేదా ఏపీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిచేసే ప్యానెల్) సీటీని సోలార్ కలిసే చోటుకి పైన, గ్రిడ్ వైపు పెట్టాలి. పత్తిబేలు గారికీ ఇది పనికొస్తుంది, రూఫు మీద ఎప్పటికైనా పెడతారు. రింగ్ ఫ్రేములన్నీ డ్రైవ్‌ల మీదే కాబట్టి కెపాసిటర్లకి 7 శాతం డీట్యూన్డ్ రియాక్టర్లు (హార్మోనిక్స్ నుంచి కాపాడే కాయిల్స్) మర్చిపోవద్దు. ఉత్త కెపాసిటర్లు పెడితే హార్మోనిక్స్‌కి ఉబ్బి పేలతాయి.

పత్తిబేలు · గుంటూరు
ఒకటి తేలింది. 33/11, 3.15 ఎంవీఏ ఓఎల్‌టీసీతో ఇప్పుడు ఒకటి, రెండోదానికి ప్లింతు, బే. 11 కేవీ ప్యానెల్ ఏడు ఫీడర్లు, కొత్త షెడ్డు గోడకి ఆనుకుని 1600వి రెండు. ఎల్‌టీ కప్లర్ మామూలుగా తెరిచే ఉంటుంది, మూడు బ్రేకర్లలో రెండే వెయ్యగలిగేలా ఇంటర్‌లాకు. సీఈఐజీకి (ప్రభుత్వ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్‌కి) డ్రాయింగులు వచ్చే వారం పెడతాను. మా ఎండీ గారికి ఆ లాసు లెక్క ఇంకా మింగుడు పడట్లేదు, అది వేరే సంగతి.

చివరి సందేహం. 33 కేవీ సీటీలు. 3.15 ఎంవీఏకి 55 ఆంపియర్లే. రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ వస్తాయని ఇన్‌కమర్‌కి 100/1 అనుకున్నాం. 25 కేఏ ఒక సెకను తట్టుకునే 100/1 చెయ్యలేమని సప్లయరు అంటున్నాడు.

సింగిల్‌లైన్ · గుంటూరు
నిజమే చెప్తున్నాడు. 100 ఆంపియర్ల ప్రైమరీ మీద 25 కేఏ అంటే 250 రెట్లు. ఇక్కడ అందరూ ఇరుక్కుంటారు.

రిలేవాణి · విజయవాడ
ముందు 25 పట్టుకుని వేలాడొద్దు. సబ్‌స్టేషన్ బస్సు మీద 14 కేఏ ఉందనుకోండి, అంటే సోర్స్ ఇంపీడెన్స్ 1.36 ఓం. మీ దాకా 8 కిలోమీటర్ల లైను ఉంటే, కిలోమీటరుకి సుమారు 0.4 ఓం వేసుకుంటే 3.2. మొత్తం 4.6 ఓం, మీ గేటు దగ్గర ఫాల్ట్ 4.1 కేఏ. మీ లైను పొడవు మీకు తెలుసు, లెక్క మార్చి వేసుకోండి.

4.1 కేఏ అంటే 100/1కి 41 రెట్లు. సీటీ 5పీ20 (20 రెట్ల దాకా నమ్మకంగా కొలిచేది), 15 వీఏ అయితే 20 రెట్లకే ఆగిపోదు. ఆ 20 అనేది పూర్తి 15 ఓంల బర్డెన్ (సీటీ మోసే లోడు) ఉన్నప్పటి మాట. న్యూమరికల్ రిలే, వైర్లు కలిపి ఒక ఓం, సీటీ లోపలి రెసిస్టెన్స్ 3 ఓంలు అనుకుంటే, 18ని 4తో భాగించి 20తో హెచ్చించండి, 90 రెట్ల దాకా సరిగ్గా పనిచేస్తుంది. మీటరింగ్ కోర్‌నే ప్రొటెక్షన్‌కీ కలిపి వాడొద్దు, ప్రొటెక్షన్‌కి వేరే కోర్ ఉండాలి. రేపు సబ్‌స్టేషన్లో ట్రాన్స్‌ఫార్మర్లు పెరిగినా ఇబ్బంది లేకుండా 200-100/1 రెండు రేషియోల సీటీ అడగండి. షార్ట్ టైము రేటింగు ఎంతకి కావాలో మాత్రం డిస్కం దగ్గర ఫాల్ట్ లెవెల్ రాతపూర్వకంగా తీసుకుని ఆ అంకె మీద ఆర్డరు పెట్టండి.

పాత_ఏడీఈ · విజయవాడ
ఆ ఉత్తరం ఆపరేషన్స్ డీఈ (డివిజనల్ ఇంజనీరు) ఆఫీసులో అడుగు. అప్లికేషన్‌కి ఎస్‌ఎల్‌డీ కాపీ ఒకటి జత చెయ్యి, లేకపోతే మళ్ళీ తిప్పుతారు.